ఫేడరమ్మ మూగ పాఠం

ఫేడరమ్మకి కోపం ఎప్పుడొస్తుందో చెప్పలేం గానీ ఎందుకొస్తుందో మాత్రం కచ్చితంగా చెప్పొచ్చు. వాన చప్పుడు ఒక్క పిసరు ఎక్కువైతే వస్తుంది. మనిషి మాట మీద సంగీతం ఎక్కి కూర్చుంటే వస్తుంది. ఇక బస్సు దూరంగా పోతోందని కథలో చెప్పి, దాన్ని చెవి పక్కనే నడిపించారో, ఆ పూట ఆవిడకి అన్నం సహించదు.

రేడియో నాటకాల విభాగంలో ముప్పయ్యొక్క ఏళ్ళు మిక్సింగ్ బల్ల ముందు కూర్చున్న మనిషి మరి. నటులు మాట్లాడుతుంటే వాళ్ళ గొంతుల వెనక వాననీ బస్సునీ జనాన్నీ ఎంత కావాలో అంతే వినిపించడం ఆవిడ పని. ఒక్కో శబ్దానికి ఒక్కో ఫేడర్ ఉంటుంది, వేలితో జరిపే చిన్న మీట. ఎనిమిది ఫేడర్ల మీద రెండు చేతులూ ఆడిస్తూ ఎన్ని వందల నాటకాలు నడిపించిందో ఆవిడకే లెక్క లేదు. కన్నతల్లి పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. డైరెక్టరు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ ఫేడరమ్మే.

ఆవిడ రిటైరై నాలుగేళ్ళయింది. అదే నెలలో ఆ బల్ల కూడా రిటైరయింది. దాన్ని విప్పి లారీకెక్కించి ఎటో పంపేశారు. ఫేడరమ్మని లారీ ఎక్కించలేదు, అంతే తేడా.

అప్పట్నుంచి ఆవిడ డ్యూటీ రెండు వీధుల అవతల తమ్ముడింట్లో. తమ్ముడి కూతురు, అంటే మేనకోడలు, వెనకగది గోడలకి దళసరి దుప్పట్లు మేకులు కొట్టి, ఒక కంప్యూటరూ రెండు స్పీకర్లూ పెట్టుకుని స్టూడియో నడుపుతోంది. ఎవరో పైకి చదివి రికార్డు చేసిన పుస్తకాలూ చిన్నచిన్న నాటికలూ మిక్సింగ్ చేసి పెడుతుంది. ఫేడరమ్మ పొద్దున తొమ్మిదికల్లా వచ్చి వెనక కుర్చీలో కూర్చుని అదిలిస్తూ ఉంటుంది.

"వాన తగ్గించవే."

"తగ్గిస్తున్నానత్తా."

"నువ్వు మౌసు పట్టుకుని దాని దాకా వెళ్ళేలోపు వాన వెలిసి ఎండ కూడా వచ్చేసింది. ఒక్కసారి ఒక్కటే జరుపుతావా? నీకు చేతులు రెండున్నాయి కదే, వేళ్ళు పదున్నాయి కదే!"

మేనకోడలు నవ్వేసేది. అత్త తిట్లు ఆ పిల్లకి చిన్నప్పట్నుంచీ అలవాటే.

అట్లా నవ్వుకుంటూ గడిచిపోయేదే. కానీ ఒక సోమవారం ఒక డైరెక్టరమ్మ ఫోన్ చేసింది. పన్నెండు భాగాల శ్రవ్య నాటకం తీస్తోందట. మేనకోడలి పని ఎక్కడో విన్నదట, నచ్చిందట. అయితే ఒక షరతు పెట్టింది.

"శనివారం పొద్దున మీ స్టూడియోకి వస్తాను. ఒక్క సన్నివేశం పంపిస్తున్నా, ఏడు నిమిషాలు. దాన్ని నా ఎదురుగా, ఒక్క ఊపులో, చేత్తో మిక్స్ చేసి వినిపించాలి. ముక్కలు ముక్కలుగా చేసి అతికించిన అతుకుల బొంత నాకొద్దమ్మా. అట్లాంటివి విని విని చెవులు చచ్చిపోయాయి."

ఫోన్ పెట్టేసి మేనకోడలు అత్తవైపు తిరిగింది. "అత్తా, ఫేడర్ల పెట్టె కొందాం. కంప్యూటర్‌కి తగిలించుకునేవి వస్తున్నాయి. కానీ ఒక్క ఊపులో ఏడు నిమిషాలంటే నావల్ల కాదు. శనివారం నువ్వే కూర్చోవాలి."

ఫేడరమ్మ కళ్ళజోడు తీసి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచింది. నాలుగేళ్ళుగా ఆ మాట కోసమే ఆ వెనక కుర్చీలో కూర్చుందని ఎవరితోనూ చెప్పలేదు కదా, ఇప్పుడెందుకు చెబుతుంది?

మర్నాడే ఇద్దరూ షాపుకి వెళ్ళారు. షాపాయన మూడు రకాలు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఒకదానికి ఒకే ఒక్క ఫేడర్. ఫేడరమ్మ దాన్ని చూసి, "ఒంటి కాలి మీద ఎంతసేపు నిలబడతాం నాయనా, తీసెయ్యి" అంది. రెండోది పలకలా బల్లపరుపుగా, తేలిగ్గా ఉంది. ఎనిమిది ఫేడర్లున్నాయి, ఆర్భాటమేమీ లేదు. మూడోది మాత్రం దర్జా అంటే దర్జా. వెనకభాగం ఎత్తుగా, ముందుకి వాలుగా ఉంది. ప్రతి ఫేడర్ మీదా చిన్న తెర, ఆ తెర మీద శబ్దం పేరు. పైగా మోటార్లు! షాపాయన మీట నొక్కగానే ఎనిమిది ఫేడర్లూ వాటంతటవే పైకీ కిందికీ కదిలాయి.

"ఓయమ్మో, దయ్యం పట్టిందేంటి దీనికి?" అని ఫేడరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"మీరొకసారి చేసింది గుర్తుపెట్టుకుని అదే చేస్తుందండీ. మీ చెయ్యి ఎట్లా కదిలిందో గీత గీసి తెరమీద చూపిస్తుంది కూడా." షాపాయన అరచేతిలో వైకుంఠం చూపించేశాడు. మేనకోడలు మెడ అప్పటికే అటు వాలిపోయింది.

ఫేడరమ్మ మాత్రం బెండకాయలు ఏరినట్టు ఒక్కో ఫేడర్నీ వేలితో తడిమి చూసింది. మెత్తగా జారుతోంది, వణకడం లేదు, ఆగిన చోట ఆగుతోంది. వంక పెట్టడానికేం దొరకలేదు. నచ్చకపోతే శుక్రవారం దాకా మార్చుకోవచ్చని షాపాయన అనడంతో దర్జా పెట్టెనే ఇంటికి తెచ్చుకున్నారు.

ఇంటికొచ్చి, అన్నీ తగిలించి, ఫేడరమ్మని ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. తమ్ముడు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన లెక్కల మాస్టారు. బడి నుంచి రిటైరయ్యాడు గానీ ఎదుటివాళ్ళ తప్పులు దిద్దడం నుంచి రిటైరవలేదు.

సన్నివేశం ఇదీ. బస్టాండులో వాన. అన్నాచెల్లెళ్ళు పదేళ్ళ తర్వాత ఎదురుపడతారు. అన్న ఇంటికి రమ్మంటాడు. బస్సు కదలబోతుండగా చెల్లెలు, గాలితో చెప్పినంత మెల్లగా, "నేను రాను" అంటుంది. ఆ రెండు మాటలకి జనం తగ్గాలి, వాన తగ్గాలి, బస్సు అడుగున ఎక్కడో ఉండాలి. సన్నివేశం ప్రాణమంతా అక్కడే ఉంది.

చెల్లెలు నోరు తెరిచింది. ఫేడరమ్మ చెయ్యి కదిలింది. చెల్లెలు మాయమైపోయింది! వాన మాత్రం డబ్బాలో రాళ్ళు పోసి ఆడించినట్టు గదంతా మోగింది.

"ఏదో పొరపాటైంది, మళ్ళీ పెట్టవే" అంది ఫేడరమ్మ.

మళ్ళీ పెట్టారు. మళ్ళీ అంతే. మూడోసారి బస్సు అన్నాచెల్లెళ్ళిద్దరి మీదినుంచీ పోయింది. మొదటిసారి నవ్విన మేనకోడలు మూడోసారికి నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే ఫేడరమ్మకి ఎక్కువ గుచ్చుకుంది.

"ఇది తలకిందులుగా ఉందే. మా బల్ల మీద ఫేడర్ని మనవైపుకి లాక్కుంటే శబ్దం తెరుచుకునేది, అవతలికి తోస్తే మూసుకునేది. ఇదేమో తోస్తే తెరుచుకుంటోంది."

గుమ్మంలోంచి తమ్ముడు అందుకున్నాడు. "లోకంలో ఎక్కడైనా పైకి తోస్తేనే పెరుగుతుందక్కా. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందిట. వయసొచ్చింది, ఒప్పుకుంటే తప్పేముంది? హాయిగా కూర్చుని వినరాదూ?"

తల కొట్టేసినట్టయింది ఫేడరమ్మకి. రేడియోలో పెద్దపెద్ద వాళ్ళెవరూ ఆవిడ చేతిని ఒక్క మాట అనలేదు. తోడబుట్టినవాడు అన్నాడు.

"నాన్నా, నువ్వు లోపలికెళ్ళు" అంది మేనకోడలు. తర్వాత అత్త పక్కన కూర్చుని, "ఇప్పుడన్నీ ఇట్లాగే వస్తున్నాయత్తా. ఇంకా నాలుగు రోజులుంది. అలవాటు చేసుకోలేవా?" అని బతిమాలింది.

బుధవారమంతా ఫేడరమ్మ అలవాటు చేసుకుంది. తోస్తే పెరుగుతుంది, తోస్తే పెరుగుతుంది అని చిన్నపిల్ల ఎక్కం చదివినట్టు గొణుక్కుంటూ చేసింది. బుర్ర ఒకటి చెబుతుంది, చెయ్యి ఇంకోటి చేస్తుంది. సాయంత్రానికి చెయ్యి అటూ పోక ఇటూ పోక మధ్యలో వణకడం మొదలెట్టింది. ముప్పయ్యొక్క ఏళ్ళలో ఆ చెయ్యి వణకగా ఆవిడ చూడలేదు. అప్పుడు మొట్టమొదటిసారి భయమేసింది. నిజంగా పెట్టెదే తప్పా, లేక నాలుగేళ్ళలో చేతిలో పస పోయిందా? తమ్ముడన్నదే నిజమైతే? ఆ మాట నెమరేసుకున్నకొద్దీ ఆవిడకే నమ్మకం సడలిపోయింది.

గురువారం మధ్యాహ్నం మేనకోడలు, "అత్తా, నువ్వు కష్టపడొద్దులే. శనివారం నాకొచ్చినట్టు నేనే చేస్తా" అంది. ఎంత మెత్తగా చెప్పినా అర్థం అదే కదా. ఫేడరమ్మ, "సరేలే తల్లీ" అంది. మేనకోడలు అత్త ముఖం చూడలేక, టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గదిలో ఫేడరమ్మ ఒక్కతే మిగిలింది. వెళ్ళిపోయే ముందు ఒక్కసారి మూగ పాఠం చేసుకుందామనిపించింది.

మూగ పాఠమంటే ఆ రేడియో నాటకాల వాళ్ళ పద్ధతి. ప్రసారానికి ముందు స్పీకర్లు పూర్తిగా కట్టేసి, గడియారం మాత్రం నడిపిస్తూ, నాటకం మొత్తం నిశ్శబ్దంలో ఫేడర్ల మీద ఆడించాలి. ఏ మాట ఎన్నో క్షణంలో వస్తుందో, అప్పుడు ఏ వేలు ఎక్కడుండాలో చెవితో పనిలేకుండా చేతికి తెలియాలి. మూగ పాఠం తప్పినవాళ్ళని ఆ రోజు బల్ల ముందు కూర్చోనిచ్చేవారు కాదు.

మంగళవారం నుంచి విని విని సన్నివేశం ఆవిడకి కొట్టిన పిండి అయిపోయింది. స్పీకర్లు కట్టేసింది. తెర మీద గడియారం నడిపించింది. చేతులు ఫేడర్ల మీద పెట్టి, తోయాలా లాగాలా అని ఆలోచించకుండా వదిలేసింది. ఏడు నిమిషాలు గదిలో చీమ చిటుక్కుమనలేదు. చెల్లెలు నోరు తెరిచే చోట ఆవిడ వేలు తనవైపుకి, నిద్రపోయే బిడ్డ మీద దుప్పటి లాగినట్టు, మెల్లగా కదిలింది. అయిపోయాక లేచి, చెప్పులేసుకుని, టీ తాగకుండానే వెళ్ళిపోయింది. పెట్టె తన కదలికలన్నీ గీతలుగా రాసుకుంటోందన్న సంగతి ఆవిడకి గుర్తే లేదు.

సాయంత్రం అయిదింటికి ఆవిడ ఇంటి తలుపు దబదబా మోగింది. తీస్తే ఎదురుగా తమ్ముడు. చొక్కా గుండీలు పైవి కిందా కిందవి పైనా పెట్టుకున్నాడు.

"అక్కా, నడు."

"ఎక్కడికిరా? హాయిగా కూర్చోమన్నావు కదా, కూర్చున్నాను."

"తర్వాత తిడుదువుగానీ, ముందు నడు!"

చెయ్యి పట్టుకుని దాదాపు ఈడ్చుకెళ్ళాడు. గదిలో మేనకోడలు తెర ముందు కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తెర మీద వరసగా గీతలు, కొండలూ లోయలూ.

"ఇవి నీ చేతి గీతలత్తా. చెరిపేద్దామని వచ్చి, చెరిపేముందు ఒకసారి విన్నాను. మొత్తం తప్పే. నాన్నని పిలిచి చూపించాను..."

"నేను చెబుతా" అని మాస్టారు అడ్డొచ్చాడు. నలభై ఏళ్ళ బడి గొంతు బయటికొచ్చింది. "అక్కా, అవునా కాదా అని టిక్కు పెట్టే ప్రశ్నలు వంద ఇస్తాం. ఏమీ రానివాడికి కూడా గుడ్డిగా సగం ఒప్పవుతాయి. వందకి వందా తప్పు రాశాడంటే ఏంటి అర్థం? వాడికి వందా తెలుసు! దీంట్లో చూడు, వాన తగ్గాల్సిన ప్రతిచోటా పెరిగింది, మాట పెరగాల్సిన ప్రతిచోటా తగ్గింది. ఒక్కటంటే ఒక్కటి కూడా పొరపాటున ఒప్పవలేదు. తప్పుకి ఇంత క్రమశిక్షణ ఉండదక్కా. అందుకని గీతలన్నీ తిరగెయ్యమన్నాను."

మేనకోడలు తిరగేసిన గీతలతో సన్నివేశం పెట్టింది.

వాన మొదలైంది. వాన వెనక బస్టాండు, బస్టాండు మధ్య ఇద్దరు మనుషులు. అన్న బతిమాలుతుంటే జనం కొంచెంకొంచెంగా తప్పుకున్నారు. బస్సు ఇంజను అడుక్కి దిగింది. వాన పక్కకి జరిగి దారిచ్చింది. "నేను రాను." ఆ రెండు మాటలూ ఎవరో పక్కన కూర్చుని చెప్పినంత దగ్గరగా వినిపించాయి. ఆ తర్వాత వాన మళ్ళీ వచ్చి ఆ పిల్లని కప్పేసింది.

ఫేడరమ్మ తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. పోలేదు. ఎక్కడికీ పోలేదు. ముప్పయ్యొక్క ఏళ్ళూ అట్లాగే ఉన్నాయి. గర్వం ముంచుకొచ్చింది ఆవిడకి, ఏడుపు కూడా వచ్చింది. రెంటినీ ఆపుకోలేదు.

"ఇంతకీ మీ బల్ల ఎందుకట్లా ఉండేదత్తా?" అంది మేనకోడలు కాసేపటికి.

"మా మొదటి ఇంజనీరు పెట్టిన పద్ధతి. నాటకం నడుస్తుండగా మోచెయ్యి తగులుతుంది, కాగితాల కట్ట జారుతుంది. ఏది తగిలినా అవతలికే తోస్తుంది కదా. తోస్తే మూసుకుపోవాలి, అంతేగానీ ఊరంతా వినిపించేలా గయ్యిమనకూడదు. నోరు జారడం కంటే నోరు మూసుకోవడం మేలు అనేవాడాయన." అని తమ్ముడివైపు ఓ చూపు విసిరింది. మాస్టారు గబగబా చొక్కా గుండీలు సరిచేసుకోవడంలో పడ్డాడు.

శుక్రవారం పొద్దున మేనకోడలు పెట్టెని తలకిందులు చేసే మార్గం కోసం కంప్యూటర్లో వెతకడం మొదలెట్టింది. ఆ సెట్టింగు, ఈ సెట్టింగు, ఇంకెవరినో అడగడం. అరపూట గడిచింది. ఫేడరమ్మ చూసి చూసి, లేచొచ్చి, పెట్టెని రెండు చేతులతో పట్టుకుని గిర్రున వెనక్కి తిప్పేసింది. వైర్లు ఇటొచ్చాయి, ఫేడర్ల కింది కొసలు అటెళ్ళాయి, ఇక తోస్తే మూసుకుంటాయి.

"అయిపోయె. దీనికింత రాద్ధాంతమా?"

మేనకోడలు నోరెళ్ళబెట్టింది. అయితే తిప్పగానే దర్జా పెట్టె దర్జా దిగిపోయింది. ఎత్తైన వెనకభాగం ఫేడరమ్మ మణికట్టుకి గోడలా అడ్డొచ్చింది. ముచ్చటైన చిన్న తెరల మీద పేర్లన్నీ శీర్షాసనం వేశాయి. అప్పుడు ఆవిడకి షాపులో పలకలాంటి పెట్టె గుర్తొచ్చింది. దానికి ఎత్తూ పల్లం లేదు, తెరలు లేవు, ఎటు తిప్పినా ఒకటే.

మధ్యాహ్నానికల్లా మార్చుకొచ్చారు. "ఇంత మంచిది ఇచ్చేసి అది తీసుకుంటారేంటండీ?" అని షాపాయన బాధపడిపోయాడు. "దానికి పొగరెక్కువ నాయనా, మాట వినదు" అంది ఫేడరమ్మ. ఇంటికొచ్చి పలకని తిప్పిపెట్టి, వైరు తన పొట్టవైపుకి వచ్చేలా సర్దింది. తిప్పేసరికి ఒకటో నంబరు కుడి చివరికెళ్ళింది. ఆవిడకదీ కలిసొచ్చింది, మాటలు ఎప్పుడూ ఆవిడ కుడిచేతి కిందే ఉండేవి. కాగితం టేపు అంటించి పెన్నుతో రాసుకుంది: చెల్లెలు, అన్న, జనం, బస్సు, వాన, సంగీతం. ఆ సాయంత్రం మూగ పాఠం రెండుసార్లు చేసింది, రెండుసార్లూ తప్పలేదు.

శనివారం పదింటికి డైరెక్టరమ్మ వచ్చింది. చేతినిండా నాటకం కాగితాలు, ముఖంలో ఎక్కడా నవ్వు లేదు. ముందు కుర్చీలో పెద్దావిణ్ణి చూసి కనుబొమ్మలెత్తింది. పెట్టెని చూసి ఇంకా ఎత్తింది.

"అమ్మా, మీరు పెట్టె తిరగేసి పెట్టుకున్నారు."

"వాళ్ళు తిరగేసి తయారుచేశారమ్మా. నేను సరిగ్గా పెట్టుకున్నాను."

డైరెక్టరమ్మ కాగితాల కట్ట చంకలో పెట్టుకుని పక్కన నిలబడింది. సన్నివేశం మొదలైంది. ఫేడరమ్మ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది, వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. గుమ్మంలో మాస్టారు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మేనకోడలు గోళ్ళు కొరుకుతోంది.

అయిదో నిమిషంలో డైరెక్టరమ్మ ఇంకా బాగా వినాలని ముందుకి వంగింది. చంకలో కాగితాల కట్ట జారి పెట్టె మీద పడింది. పడి, బస్సు ఫేడర్ని అవతలి చివరిదాకా తోసేసింది.

మేనకోడలు చెవులు మూసుకోబోయింది. కానీ గదిలో గయ్యిమని ఏమీ మోగలేదు. బస్సు చప్పుడు ఆగిపోయింది, అంతే. అన్న గొంతూ వానా మాత్రం మిగిలాయి. ఫేడరమ్మ కాగితాల వంక కూడా చూడలేదు. ఎడమ మోచేత్తో వాటిని పక్కకి నెట్టేసి, ఆ నిశ్శబ్దాన్ని రెండు క్షణాలు అట్లాగే ఉండనిచ్చి, అన్న "బస్సు కదిలిపోతుందే" అనగానే, ఆ మాట విని మేలుకున్నట్టుగా ఇంజన్ని అడుగునుంచి తీసుకొచ్చింది. మొదట్నుంచీ అట్లాగే రాసి ఉందేమో అనిపించింది.

"నేను రాను" దగ్గర డైరెక్టరమ్మ కళ్ళు మూసుకుంది. సన్నివేశం అయిపోయాక కూడా కాసేపు తెరవలేదు. తెరిచాక కింద పడ్డ తన కాగితాల్ని చూసింది, పెట్టెని చూసింది, జరిగిందేమిటో అప్పుడర్థమైంది.

"నావల్లేనా ఆ బస్సు ఆగింది?"

"ఆగితే ఆగిందిలే అమ్మా. బస్టాండులో బస్సులు ఆగుతాయి" అంది ఫేడరమ్మ.

అప్పుడు నవ్వింది డైరెక్టరమ్మ. పన్నెండు భాగాలూ ఇక్కడే చేయిద్దామంది. వెళ్ళబోతూ, "నాటకం చివర మిక్సింగ్ ఎవరిదని చదివించాలి?" అని అడిగింది. ముప్పయ్యొక్క ఏళ్ళలో రచయిత పేరు చదివారు, నటుల పేర్లు చదివారు, బల్ల ముందున్న మనిషి పేరు ఏ నాటకం చివరా చదవలేదు. ఫేడరమ్మ కళ్ళజోడు తీసి తుడవడం మొదలెట్టింది. మేనకోడలే అందుకుంది.

"మా అత్త పేరు. దాని కింద నాది. అత్త పేరు చదివాక ఒక్క క్షణం ఆపి, తర్వాత నాది చదవమనండి."

డైరెక్టరమ్మని వీధి చివరిదాకా సాగనంపి వచ్చిన మాస్టారు, దారిలో కనిపించిన ప్రతివాళ్ళకీ మా అక్క, మా అక్క అని చెప్పుకుంటూ వచ్చాడు. గదిలోకొచ్చి అక్క ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, ఆ రోజన్న మాట వెనక్కి తీసుకుంటున్నా."

"ఏ మాటరా?"

"అదే... మద్దెల మాట."

"తీసుకోకు. మద్దెల నిజంగానే ఓడు. సామెతలో తప్పేం లేదురా, ఆడలేనమ్మ నేను కాదంతే!"

మాస్టారు నవ్వాడు, ఓడిపోయినందుకు అంత సంతోషించిన మనిషిని ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు. ఫేడరమ్మ లేచి, మేనకోడల్ని రెక్క పట్టుకుని ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. తను వెనక కుర్చీలోకి వెళ్ళలేదు, పక్కన ఇంకో కుర్చీ వేసుకుంది.

"పన్నెండు భాగాల్లో ఆరు నావి, ఆరు నీవి. కానియ్."

మేనకోడలు సన్నివేశం పెట్టింది. చెల్లెలు నోరు తెరిచే చోట ఫేడర్ని అవతలికి తోసింది. చెల్లెలు మాయమైపోయింది. గుమ్మంలోంచి మాస్టారు "ఆడలేనమ్మ..." అని మొదలెట్టబోయి, రెండు జతల కళ్ళు తనవైపు తిరగడం చూసి నోరు మూసుకున్నాడు.

ఫేడరమ్మ మేనకోడలి చేతి మీద తన చెయ్యి వేసింది. ఆ చేతిలో వణుకు లేదు.

"తొయ్యకు తల్లీ. నీవైపుకి లాక్కో. అదిగో, ఇప్పుడు వినపడుతోందా?"

"వినపడుతోందత్తా" అంది మేనకోడలు.